తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఫ్యామిలీసెర్చ్ ఎంతవరకు పనికొస్తుంది?

సంఘ సభ్యుల వంశవృక్షాలు రాసిపెట్టడానికి ఆరేళ్లుగా ఫ్యామిలీసెర్చ్ వాడుతున్నాను. కడవరి-దిన పరిశుద్ధుల సంఘం (మోర్మన్లు) నడిపే వంశవృక్షాల సైటు ఇది. ఏ సంఘం వారైనా ఉచితంగా వాడుకోవచ్చు. మనవాళ్ల పూర్వీకులు ఇందులో వెతికితే దొరకడం తక్కువే. దొరికినవాళ్లను ఆధారాలతో సహా దాచిపెట్టడానికి మాత్రం ఇది చాలా మంచి చోటు.

ఈ సైటులో ఇండియా బాప్తిస్మాల సూచిక 1786 నుంచి 1947 దాకా ఉందని ఆశపడకండి. అందులో ఎక్కువ పేర్లు దొరలవి, ఆంగ్లో ఇండియన్లవి. మన ముత్తాతల పేర్ల కోసం స్థానిక చర్చి రిజిస్టరే తిరగేయాలి.

తప్పులు దొర్లేది ఆ రిజిస్టరు దగ్గరే. 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ వారు గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మమివ్వరు. ఆ తేదీని పుట్టినతేదీ గడిలో వేస్తే కొడుకు కంటే తండ్రి చిన్నవాడైపోతాడు! లూథరన్ రిజిస్టర్లలో శిశువులూ ఉంటారు కాబట్టి అక్కడ వయసు గడి చూశాకే నిర్ణయించాలి. వయసు తెలియకపోతే 'సుమారు 1850' అని రాసినా సైటు తీసుకుంటుంది.

బాప్తిస్మంతో పేరు మారి ఉంటే పాత పేరును మారుపేరుగా చేర్చండి. యేసురత్నం లాంటి పేర్లను ఇంగ్లీషులో కొందరు 'వై'తో, కొందరు 'జె'తో రాశారు. వెతికేటప్పుడు ఆ అక్షరం బదులు ప్రశ్నార్థకం పెడితే రెండూ వస్తాయి.

జిల్లా పేరుతో ఇంకో చిక్కు. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత గుంటూరులో ఉంది. 1970లో సొంత జిల్లా అయి, 1972లో ప్రకాశం అయింది. రికార్డు నాటి జిల్లానే వేయండి. ఒకరు నెల్లూరనీ ఇంకొకరు ప్రకాశమనీ రాస్తే ఒకే మనిషి రెండుసార్లు వృక్షంలోకి ఎక్కుతాడు, తర్వాత కలపడం పెద్ద పని.

చనిపోయినవారి వివరాలను ఎవరైనా మార్చవచ్చు. అందుకే రిజిస్టరు పేజీ ఫోటో జతచేసి, మార్పుకు కారణం అడిగే గడిలో రెండు వాక్యాలైనా రాయాలి. బతికున్నవారిని మన ఖాతాలో చేరిస్తే వాళ్ల ఇంట్లోవాళ్లకు కనిపించరు. వాళ్ల అనుమతితో సహాయకులుగా వాళ్ల ఖాతాలోకే వెళ్లి రాయండి.

చనిపోయినవారి తరఫున దేవాలయంలో చేసే విధులకు పేర్లు పంపే కడవరి-దిన పరిశుద్ధుల సంఘ సభ్యులు ఒకటి గుర్తుంచుకోవాలి: గత 110 ఏళ్లలో పుట్టినవారైతే భార్య లేదా భర్త, పెద్దపిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఒకరి అనుమతి ముందే తీసుకోవాలి.