కాకినాడ ఉప్పుగాలిలో తొమ్మిదేళ్ల టేకు సింహద్వారం

మా సింహద్వారాన్ని 2016 జూన్‌లో బిగించాం. దానికి ఇది పదో వానాకాలం. కొత్తలో ఏ తలుపైనా అందంగానే ఉంటుంది కాబట్టి ఇన్నేళ్లు వాడాక రాస్తున్నాను. ఇల్లు కాకినాడలో, సముద్రానికి 3 కిలోమీటర్ల లోపే ఉంది. తూర్పు ముఖం. పొద్దుటి ఎండ, ఉప్పుగాలి, తుపాను జల్లు మూడూ నేరుగా తలుపు మీదే పడతాయి. ఒంటి రెక్క తలుపు. ఎత్తు 7 అడుగులు, వెడల్పు మూడున్నర అడుగులు, మందం అంగుళంన్నర.

ఇనుప తలుపు వద్దనుకోవడానికి మా పాత ఇంటి గేటే కారణం. ఏటా రంగు వేయించినా అడుగు కమ్మీ తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలిపోయేది. పక్కింటివారు వెనీరు అంటించిన ఫ్లష్ తలుపు పెట్టించుకుంటే రెండో వానాకాలానికే కింది అంచున పొర లేచింది. దాంతో టేకు వైపే మొగ్గాం.

రాజమహేంద్రవరంలో ఒక కలప అడితికి వెళ్లాం. అక్కడ మాటలన్నీ కలప ఏ ఊరిదన్న దాని చుట్టూనే తిరిగాయి. ఇది బల్లార్షా, అది బర్మా, అది ఆఫ్రికా అంటూ ఒక్కో పేరుకు ఒక్కో ధర చెప్పారు. మేము బల్లార్షా తీసుకున్నాం, మంచి కర్రే. కానీ ఇప్పుడైతే పేరు కన్నా ముందు చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర, ఎంతుందో చూస్తాను. చెదలనూ తడినీ తట్టుకునే నూనెలు టేకులో ముదురు గోధుమరంగు చేవలోనే ఉంటాయి. దాని చుట్టూ ఉండే తెల్లకర్రకు ఆ బలం లేదు. మా ద్వారబంధం ఎడమ కర్రలో బొటనవేలి వెడల్పున తెల్లకర్ర ఉండిపోయింది. పాలిష్ పడ్డాక అది కంటికి ఆనలేదు. మూడో ఏడు సరిగ్గా ఆ చారలోనే సూది బెజ్జాలు పడి, కింద పిండిలాంటి పొడి రాలడం మొదలైంది. ఒక్కో బెజ్జంలోకీ సిరంజితో మందు ఎక్కించాల్సి వచ్చింది. కోసిన కర్రను నాలుగు వైపులా తిప్పి చూడండి, పాలిష్ పడకముందే చూడండి.

అప్పట్లో మొత్తం ఖర్చు 56,000 రూపాయలు. కలపకు 24,000, చెక్కుడు పనితో కలిపి వడ్రంగి కూలి 18,000, మిగిలింది పాలిష్‌కూ బందులూ తాళాలకూ. పైన గజలక్ష్మి, మధ్యలో పూర్ణకుంభం, కింద తామరలు చెక్కించాం. గజలక్ష్మిని చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు నిండుతుంది. తామరల సందుల్లో మాత్రం జల్లు నీరు నిలిచి, పాలిష్ అన్నిటికన్నా ముందు అక్కడే పోయింది. కింది రెండడుగులూ సాదాగా వదిలేయించడం మేలు.

మొదటి ఏడాదే తొందరపడి ఒక పొరపాటు చేశాను. ఆగస్టులో తలుపు ఉబ్బి, గడియ వైపు పైమూల ద్వారబంధానికి రాచుకుంది. భుజంతో నెడితే గానీ మూతపడేది కాదు. గృహప్రవేశం దగ్గరపడుతోందని వెంటనే చిత్రిక పట్టించాను. సంక్రాంతి నాటికి కర్ర ఆరిపోయి, అదే మూలలో చిటికెనవేలు దూరేంత సందు ఏర్పడింది. బల్లులు అందులోంచే వచ్చేవి. కర్ర పొడవునా దాదాపు పెరగదు. అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే మళ్లీ తగ్గుతుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద మేస్త్రీ తలుపును బందుల నుంచి దింపించి, అడుగు అంచు మీద అరచెయ్యి పెట్టి చూడమన్నారు. గరుకుగా తగిలింది. అక్కడ పాలిష్ చుక్క కూడా పడలేదు. “ముందూ వెనకా అద్దంలా చేశారు గానీ బాబూ, తలా పాదం వదిలేశారు. తడి తాగేది ఇక్కడే” అన్నారు. పై అంచుకూ కింది అంచుకూ మూడేసి పూతలు వేసి, సందు దగ్గర సన్నని టేకు పట్టీ అతికించారు. అప్పటినుంచి వానల్లో కాస్త బిగిసినా రాచుకోవడం లేదు.

ఇక గడప. ఇదంతా రాయాలనిపించింది దాని కోసమే. ద్వారబంధం నిలబెట్టిన రోజు కింద నవధాన్యాలు, పంచలోహాలు వేసి పూజ చేశాం. అమ్మ రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసి గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. ద్వారబంధపు నిలువు కర్రలు గడప మీద కూర్చునే చోట కర్ర అడ్డకోత ఉంటుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు అది నీటిని పైకి లాగుతుంది. ఎంత చేవకర్రయినా నిత్యం తడిలో నానితే తట్టుకోలేదు. ఆరో ఏడు కుడి కర్ర పాదం నల్లబడింది. స్క్రూడ్రైవరు మొనతో ఒత్తితే తడిసిన అట్టలోకి దిగినట్టు అరంగుళం దిగిపోయింది. ఎడమది గట్టిగానే ఉంది. అమ్మ చెంబు వంచేది కుడివైపు నుంచి.

పాడైన 4 అంగుళాలూ కోసి కొత్త చేవముక్క అతికించి, అడుగున ఎపాక్సీ అనే నీరు చొరని జిగురు పూయించి, రెండు పాదాలకూ ఇత్తడి తొడుగులు వేయించాం. 7,000 రూపాయలైంది. గడప కడగవద్దని అమ్మకు నేను చెప్పలేదు. కోసి తీసిన ముక్కను ఆమె చేతిలో పెట్టాను. ఇప్పుడు తడిగుడ్డతో తుడిచి, పసుపు చిక్కగా కలిపి రాస్తోంది. చెంబు నీళ్లు మెట్లకే. కొత్తగా కట్టుకునేవారు ఆ తొడుగులేవో ద్వారబంధం నిలబెట్టకముందే వేయించుకుంటే కోత తప్పుతుంది. గోడకు ఆనుకునే వైపు తారు పూయించడం కూడా మరవకండి.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఆ రోజు గాలి నెట్టిన జల్లు తలుపు కిందినుంచి హాల్లోకి వచ్చేసింది. గడప లేకపోతే ఇంకా ఎంత వచ్చేదో. తర్వాత తలుపు అడుగున బయటివైపు ఏటవాలుగా టేకు పట్టీ కొట్టించాం. పట్టీ మీద పడిన నీరు గడప అవతలికి జారిపోతుంది.

మొదట వేసిన మెలమైన్ పాలిష్ రెండేళ్లు మెరిసి, ఎండ తగిలే కింది సగంలో పొలుసులుగా లేచింది. 2019లో అంతా గీకించి, బయటి వాడకానికి చేసిన పాలీయురేథేన్ పూత వేయించాం. అప్పుడే అడుగున్నర సజ్జను 3 అడుగులకు పెంచాం. నా లెక్కలో ఎక్కువ మేలు చేసింది సజ్జే. అదే పూత వేసిన పెరటి తలుపుకు సజ్జ లేదు, అది మూడేళ్లకే పాలిపోయింది.

తలుపు బరువు 50 కిలోలు దాటుతుంది. మూడు బందులు చాలన్నా 5 అంగుళాల ఇత్తడివి నాలుగు పెట్టించాం, ఇప్పటికీ కుంగలేదు. వాటికి బిగించిన స్క్రూలు మాత్రం ఇత్తడి రంగు పూసిన ఇనుపవి. ఇనుముకు తడి తగిలితే చుట్టూ టేకు నల్లగా మరకపడుతుంది. అన్నీ తీయించి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం, మరకలు మాత్రం పూర్తిగా పోలేదు. తాళం నాలుగో ఏట మొరాయిస్తే కొబ్బరినూనె వేశాం. దుమ్ము పట్టి లోపలంతా జిగురు కట్టింది, విప్పి శుభ్రం చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు పెన్సిలు ములుకు గీకి, ఆ పొడిని తాళంచెవికి రాసి నాలుగైదుసార్లు తిప్పుతున్నాను. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి.