మహానగరంలోకి ఏ గుమ్మం మేలు: రైలా, విమానమా?

ముక్కూ మొహం తెలియని మహానగరానికి ఒంటరిగా బయల్దేరేటప్పుడు టికెట్ ధర చూస్తాం, ఎన్ని గంటలు పడుతుందో చూస్తాం. దిగాక మొదటి అరగంట ఎలా గడుస్తుందో మాత్రం ఆలోచించం. నలుగురితో వెళ్తే ఆ అరగంట కబుర్లలో పోతుంది. ఒక్కరమే అయితే అది చాలా పొడుగు.

విమానం చూపించేది ఊరి ఆకారం. నది ఎక్కడ వంపు తిరిగింది, పెద్ద మేడలు ఎటు గుమిగూడాయి, ఊరు ఎక్కడ ఆగింది అన్నవి పైనుంచి చూస్తేనే తెలుస్తాయి. కాకపోతే కిటికీ సీటు దొరకాలి, మబ్బు పట్టకూడదు. చక్రాలు నేలను తాకాయో లేదో ఆ ఊరు మాయమవుతుంది. మిగిలేది ఏ దేశంలోనైనా ఒకేలా ఉండే గాజు గోడలూ, సామాను బెల్టు చుట్టూ మూగిన జనమూ. రన్‌వేకు మూడు నాలుగు కిలోమీటర్ల చదును నేల కావాలి, ఆ రొద పక్కన కాపురం ఉండటం కష్టం. అందుకే చాలా విమానాశ్రయాలు ఊరికి దూరంగా జరిగాయి. టోక్యో అనుకుని దిగే నరితా విమానాశ్రయం నుంచి అసలు టోక్యో నడిబొడ్డుకు దాదాపు 60 కిలోమీటర్లు. షాంఘై విమానాశ్రయం నుంచి అయస్కాంత శక్తితో తేలుతూ పోయే మాగ్లెవ్ రైలు 30 కిలోమీటర్లను ఎనిమిది నిమిషాల్లో దాటించేస్తుంది గానీ, అది దింపేది నగరం మధ్యలో కాదు, అక్కడ మళ్ళీ మెట్రో ఎక్కాలి. పాత రోజుల్లో హాంకాంగ్ సంగతి వేరు. 1998లో మూతపడేదాకా అక్కడి కై తక్ విమానాశ్రయానికి వచ్చే విమానాలు మేడల నెత్తిమీదుగా దిగేవి.

రైలు ఊరిని పెరటివైపు నుంచి చూపిస్తుంది. నాకు నచ్చేది అదే. ముందు విసిరేసినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు, తర్వాత గోదాములు, ఆరేసిన బట్టలు, బాల్కనీల్లో తుప్పు పట్టిన సైకిళ్ళు, గోడల మీద రంగుల రాతలు. ముస్తాబంతా వీధివైపే, పట్టాలవైపు ఎవరు చేసుకుంటారు? పైగా ఊరు నెమ్మదిగా చిక్కబడుతుంది కాబట్టి మనసుకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

దిగగానే ఊళ్ళో ఉంటాం. లండన్ సంగతి తమాషాగా ఉంటుంది. నగరం మధ్యలోకి రైళ్ళను రానివ్వొద్దని 1846లో ప్రభుత్వం వేసిన ఒక విచారణ సంఘం (రాయల్ కమిషన్) చెప్పింది. ఆ తర్వాత కట్టిన కింగ్స్ క్రాస్, పాడింగ్టన్, సెయింట్ పాంక్రాస్ స్టేషన్లు అప్పటి మధ్య భాగానికి అవతలే ఆగిపోయాయి. ఊరు పెరిగి వాటిని ఎప్పుడో మింగేసింది. ఇస్తాంబుల్‌లో అయితే 2013లో రైళ్ళు ఆగిపోయేవరకూ ఆసియా ఒడ్డున ఉన్న హైదర్‌పాషా స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా నీళ్ళే. పడవెక్కితే అవతల యూరప్ ఒడ్డు. అలాంటి రాక ఏ విమానాశ్రయం ఇవ్వగలదు?

బస్సు గురించి రెండు ముక్కలే. చవక. దింపే చోటు ముందుగా మ్యాపులో చూసుకోకపోతే తెల్లవారుజామున ఏ ఫ్లైఓవర్ కిందో దింపేసి పోతుంది.

ఎలా వచ్చినా చివరి మజిలీ భూగర్భ రైలైతే బయటికి వచ్చాక దిక్కు తెలియదు. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి. బస చేసే చోటుకు ఏ ద్వారం దగ్గరో, దాని నంబరు ముందే రాసి పెట్టుకోవడం మంచిది. పైకి వచ్చాక గోడకు వీపు ఆనించి రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. ఈలోగా తనంతట తాను వచ్చి టాక్సీ కావాలా అని అడిగేవాడిని వదిలేసి, క్యూ ఉన్న చోటికి నడవండి.

ఇంతా చెప్పి ఒక్క చోట మాట మార్చుకుంటాను. చేరేసరికి అర్ధరాత్రి దాటుతుందంటే నా ఓటు విమానానికే. పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటిలో తెల్లారేదాకా దీపాలు వెలుగుతాయి, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, మనలాగే వేచి ఉన్నవాళ్ళు కనబడతారు. చాలా స్టేషన్లు చివరి బండి వెళ్ళాక తలుపులు మూస్తాయి, చుట్టుపక్కల వీధులు ఖాళీ అవుతాయి. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా సామాను చూసే తోడు లేనివాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు.

వీలైతే పగటి రైల్లో వెళ్ళి, తిరుగు ప్రయాణానికి విమానం ఎక్కండి. వచ్చేటప్పుడు పైనుంచి చూస్తే అది ఉత్త ఆకారం. నాలుగు రోజులు కాళ్ళరిగేలా తిరిగాక చూస్తే ఆ నది వంపు పక్కన మీరు దారి తప్పిన వీధి ఎక్కడుందో వెతుక్కోవచ్చు, కిటికీ సీటు దొరికితే.