నాన్న జిప్సీ, నా ఫిఫ్టీన్ ఫార్టీ

పాత బండి ఉన్నవాళ్లకు అడగకుండా దొరికే సలహా ఒకటుంది: "చిక్కటి ఆయిల్ పొయ్యి, అదే సర్దుకుంటుంది." ఈ మాట మా నాన్న చెప్పాడు, విజయవాడ బావ చెప్పాడు, బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్ పార్ట్స్ కొట్టాయన చెప్పాడు. ఒకసారి పెట్రోల్ బంకులో గాలి కొట్టే కుర్రాడు కూడా చెప్పాడు. ఎనిమిదేళ్ల తర్వాత 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ మీద నేనీ సమీక్ష రాస్తున్నది ఆ మాట మీది కోపంతోనే, కాబట్టి ఎక్కడైనా నోరు కాస్త జారితే క్షమించాలి.

బండి 1998 జిప్సీ కింగ్, కార్బ్యురేటర్ మోడల్. అంతకుమించి పరిచయం అక్కర్లేదు. నడిపినవాళ్లకు తెలుసు, నడపనివాళ్లు వెనక సీట్లో ఒక గంట కూర్చుంటే వాళ్ల నడుమే చెప్తుంది. అనంతపురంలో నాన్న కాంట్రాక్టు పనులకు తిప్పిన బండిని 2017లో బెంగళూరు తెచ్చుకున్నాను. ఏపీ నంబరును కేఏ నంబరు చేయించిన పురాణం ఇప్పుడు వద్దు. అప్పట్నుంచి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో సగం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో, మిగతా సగం కోలారు బండల మీద, సకలేశపుర బురదలో.

నాన్న దగ్గరున్నన్నాళ్లూ దాని ఆహారం 20డబ్ల్యూ-50 ఆయిల్, నోటితో అయితే ట్వంటీ ఫిఫ్టీ (ముందు అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికి, వెనకది వేడెక్కాక ఉండేదానికి). నేనూ అదే కొనసాగించాను. తెల్లవారుజామున సెల్లార్‌లో స్టార్ట్ చేస్తే హెడ్‌లోంచి టకటకమని ట్యాపెట్ల చప్పుడు వచ్చేది, కుట్టుమిషన్ తొక్కినట్టు. ఆయిల్ ప్రెషర్ తక్కువుంటే వెలిగే ఎర్ర లైటు ఆరడానికి నాలుగు సెకన్లు. ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెట్టాను. పాత బండి కదా, ముసలివాళ్లకు మోకాళ్ల నొప్పులున్నట్టే ఇదీ అనుకున్నాను.

2019 ఎండాకాలంలో ఆ లైటు ఇంకోరకంగా పలకరించింది. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఇంజన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో ఉంటే మిణుకుమిణుకుమనేది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోయేది. ఇంటి దగ్గరి గ్యారేజీలో చూపిస్తే, "బేరింగులు అరిగాయి మేడం, ఇంజన్ బోరుకొచ్చింది. ఇప్పటికైతే ఆయిల్ ఇంకాస్త చిక్కబరుద్దాం" అని ట్వంటీ ఫిఫ్టీలోనే చిక్కదనం పెంచే సీసా ఒకటి కలిపాడు. తేనెలో బెల్లం పాకం కలిపినట్టు. లైటు ఆరింది. ఎంత సంబరపడ్డానంటే, థార్ ఉన్న ఇద్దరు స్నేహితులకు ఆ సీసా గురించి నేనే ప్రచారం చేశాను. వాళ్లు వినలేదు, పుణ్యాత్ములు.

అదే సమయంలో మైలేజీ తొమ్మిది నుంచి ఏడుకు పడింది. ట్రాఫిక్‌ను తిట్టుకున్నాను. ఆ రెండు విషయాలకూ లంకె ఉందేమోనన్న ఆలోచన నాకు రాలేదు, గ్యారేజీ ఆయనకూ రాలేదు.

అక్టోబరులో సకలేశపుర దగ్గర ఒక కాఫీ తోటలోకి నాలుగు బండ్లం వెళ్లాం. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పొద్దున వాన వెలిశాక, తోట మధ్యలో ఎర్రమట్టి ఏటవాలు ఒకటి ఎక్కాలి. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే గేరు) వేసి, మొదటి గేరులో మెల్లగా ఎక్కుతున్నాను. ముక్కాలు భాగం ఎక్కాక లైటు వెలిగింది. ఈసారి మిణుకుమనలేదు, అలాగే నిలిచిపోయింది. పైగా చప్పుడు. కుట్టుమిషన్ కాదు, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. ఇంజన్ ఆపేసి, బ్రేకు మీద నిలబడి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టించుకున్నాను. మెల్లగా చదునుకు దింపి బానెట్ లేపాం.

ఆయిల్ అడుగంటి ఉంటుందనుకుని డిప్‌స్టిక్ తీశాను. అడుగంటలేదు. పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది! నేను పోసింది మూడున్నర లీటర్లే, తర్వాత చుక్క కలపలేదు. ట్వంటీ ఫిఫ్టీ అంటే కడ్డీకి పట్టుకుని వేలాడాలి కదా, ఇది నీళ్లలా జారి చివర బొట్టు కట్టి పడిపోతోంది. తోటలో ట్రాక్టర్ చూసుకునే పెద్దాయన పక్కనే నిలబడి బీడీ కాలుస్తున్నాడు. కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మరుక్షణం ఆ బీడీ తీసి దూరంగా తడి ఆకుల్లోకి విసిరేసి, "పెట్రోల్ వాసనె" అన్నాడు కన్నడలో. అప్పుడు నేనూ వాసన చూశాను. నిజమే, బంకులో నిలబడ్డట్టే ఉంది.

అక్కణ్నుంచి బెంగళూరుకు రెండువందల ఇరవై కిలోమీటర్లు జిప్సీ లారీ ఎక్కి వచ్చింది. నేను డ్రైవర్ పక్క సీట్లో.

కేఆర్ పురం దాటాక ఒక పుంగనూరు అబ్బాయి షెడ్డు ఉంది, పాత జీపులు, జిప్సీలే చూస్తాడు. ఆయిల్ దించకముందే హెడ్ పక్కనున్న ఫ్యూయల్ పంపు విప్పాడు. ఈ మోడల్లో ఆ పంపును క్యామ్‌షాఫ్టే ఆడిస్తుంది. పంపు లోపల రబ్బరు పొర, డయాఫ్రమ్, ఉంటుంది. పొరకు ఒక పక్క పెట్రోలు, ఇంకో పక్క ఇంజన్. అది చిరిగితే పెట్రోలు ఇంజన్లోకి జారి, అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో ఆయిల్‌తో కలుస్తుంది. నా పంపు పొరను వేళ్లతో సాగదీసి చూపించాడు, అంచు పక్కన గోరంత చిరుగు. "అక్కా, ఇది ఆయిల్ జబ్బు కాదు, పెట్రోల్ జబ్బు. మీరు చిక్కంగా పోసి పోసి దాన్ని కప్పెట్టినారు" అన్నాడు.

నా కోపమంతా ఆ చివరి మాట దగ్గరే ఉంది. ఆ సీసా కలపకపోయుంటే లైటు మినుక్కుమంటూనే ఉండేది. నేను కంగారుపడి ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లేదాన్ని, పంపు అప్పుడే దొరికేది. చిక్కదనం పెంచడంతో పల్చబడుతున్న ఆయిల్ మళ్లీ మామూలుగా కనబడింది. నాలుగు నెలలు లైటు నోరు మూసుకుంది, లోపల పెట్రోలు చేరుతూనే ఉంది. ఆ నాలుగు నెలల్లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగాయి. అంటే గ్యారేజీ ఆయన చెప్పిన జబ్బు అప్పటికి లేదో ఉందో గానీ, మందు వేశాక మాత్రం వచ్చింది. బోరు మాత్రం బాగానే ఉందని కంప్రెషన్ కొలిచి తేల్చాడు. కొత్త పంపు ఖరీదు ఆ లారీ బాడుగలో పదో వంతు కూడా కాలేదు.

బేరింగులు మార్చాక షెడ్డులో ఉన్న 15డబ్ల్యూ-40 పోశాడు. "ఐదువందల కిలోమీటర్లు తిప్పి తీసుకురాండి, దించేసి మీ ట్వంటీ ఫిఫ్టీ పోద్దాం" అన్నాడు. కడగడానికి పోసిన ఆయిల్ అది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే రెండు సెకన్లలో లైటు ఆరింది, ట్యాపెట్లు ఒకసారి టక్కుమని ఊరుకున్నాయి. నేను సెల్లార్‌లో కూర్చుని ఇంజన్ ఆపి, గంట ఆగి మళ్లీ స్టార్ట్ చేశాను, కేవలం వినడానికి. మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అంకుల్ వచ్చి "ఏం మేడం, స్టార్ట్ కావడం లేదా?" అని అడిగాడు. ఆరేళ్లు దాటింది, ఇప్పటికీ అదే గ్రేడు.

దీనికి కారణం వెతుక్కుంటే నాకర్థమైంది ఇది. 15డబ్ల్యూ, 20డబ్ల్యూ అనే ముందు అంకెలకు పరీక్షలు పెట్టేది గడ్డకట్టే చలిలో, మైనస్ 15 డిగ్రీలూ అంతకు కిందా. బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజాము 15 డిగ్రీలుంటేనే మనం మంకీ క్యాప్ వేసుకుంటాం. మరి తేడా ఎలా తెలుస్తుంది? వేడెక్కిన ఇంజన్లో ఉన్నదానికంటే చల్లటి ఆయిల్ ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది మరి. డబ్బాల మీది వివరాలు చూస్తే 40 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 చిక్కదనం 110 ప్రాంతంలో, 20డబ్ల్యూ-50ది 160 పైన ఉంటుంది. 15 డిగ్రీల్లో ఆ దూరం ఇంకా పెరుగుతుంది. పైగా చల్లటి చిక్కటి ఆయిల్‌ను పంపు గట్టిగా తోస్తే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ మళ్లీ ఛాంబర్‌లోకే పోతుంది. ప్రెషర్ ముల్లు ఎక్కువ చూపిస్తుంది, హెడ్‌లో మాత్రం ఎండుతూ ఉంటుంది. ముల్లును చూసి మురిసిపోయే మావాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

వేడిలో పల్చబడి ఇంజన్ పోతుందేమోనన్న భయం నాకూ ఉండేది. ఆయిల్ గ్రేడులకు కొలతలు పెట్టే ఎస్ఏఈ జె300 అనే పట్టికలో ఒక వరుస చూశాక తగ్గింది. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలిగేటప్పుడు మిగలాల్సిన కనీస చిక్కదనం 20డబ్ల్యూ-50కి 3.7 (పైన చెప్పిన 110, 160ల కొలత వేరు, ఇది వేరు). 15డబ్ల్యూ-40కీ అదే 3.7. 10డబ్ల్యూ-40కి 3.5, 30 గ్రేడుకైతే 2.9. కనీసాలు ఒకటైనంత మాత్రాన రెండు డబ్బాలూ ఒకటే అని కాదు, కానీ ఫార్టీ అంటే నీళ్లు అన్న మాట మాత్రం అబద్ధం.

30 గ్రేడు కూడా రుచి చూశాను. 2022లో ఒక స్నేహితుడి మాట విని ఫుల్ సింథటిక్ 10డబ్ల్యూ-30 పోయించాను. ఇంజన్ పట్టులా తిరిగింది, వెనక సీలు దగ్గర మాత్రం కారడం మొదలైంది. సెల్లార్‌లో బండి కింద రోజుకు రూపాయి బిళ్లంత మరక. రెండు వేల కిలోమీటర్లకే దించేశాను. పెట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక పైన పొగిడినదాంట్లో కొంత వెనక్కి తీసుకోవాలి. నాలుగు సెకన్లు రెండయిన ఘనత మొత్తం ఆయిల్‌ది కాదు. పుంగనూరు అబ్బాయి అదే రోజు ఫిల్టర్ కూడా మార్చాడు. నేను వాడుతూ వచ్చిన చవక ఫిల్టర్లో, బండి ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ గట్టిపడిపోయి ఉంది. ఆ ఫిల్టరుతోనే 15డబ్ల్యూ-40 వేస్తే ఎన్ని సెకన్లు పట్టేదో చూసే ఓపిక నాకు లేదు. కొత్త బేరింగుల పుణ్యం కూడా కొంత ఉంటుంది. ఇంకోటి, ఫార్టీకి మారాక ఆయిల్ తాగడం పెరిగింది. ట్వంటీ ఫిఫ్టీతో సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఏమీ కలిపేదాన్ని కాదు (అప్పుడు పెట్రోలు కలుస్తున్న నెలలను లెక్కలోకి తీసుకోకూడదనుకోండి). ఇప్పుడు ఐదు వేల కిలోమీటర్లకు అర లీటరు దాకా కలుపుతున్నాను.

అసలు ఇబ్బంది 2024 ఏప్రిల్‌లో వచ్చింది. బెంగళూరే 38 డిగ్రీలు దాటిన రోజులవి, నేను అనంతపురం వెళ్లాను. ఇంటి వీధి మలుపులో ఐడిల్‌లో ప్రెషర్ గేజీ ముల్లు 0.7కు దిగింది. బెంగళూరులో ఎంత వేడెక్కినా ఒకటి కిందికి రాలేదు. లైటు వెలగలేదు, నా గుండె మాత్రం దడదడలాడింది. నాన్న బానెట్ మీద చెయ్యి వేసి, "చెప్తే వింటివా పాపా?" అన్నాడు. ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. పెట్రోలు లేదు, మట్టం సరిగ్గా ఉంది. అయినా ఆ రెండు నెలలూ ఊళ్లోనే ఉండాల్సి వచ్చి, నాన్నతో వాదించే శక్తి లేక, అక్కడే ఆయిల్ మార్పించాను. 20డబ్ల్యూ-50. అవును, చదివింది నిజమే. ఆ ఎండల్లో అది బాగానే పనిచేసింది. జూన్‌లో వెనక్కి వచ్చాక దించేశాను.

కాబట్టి నా మాట నా బండికీ నా ఊరికీ మాత్రమే. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగి, ఎక్కువగా బెంగళూరు చల్లదనంలో ఉండే, బేరింగులు మార్చిన కార్బ్యురేటర్ జిప్సీకి 15డబ్ల్యూ-40 బాగుంది. విజయవాడ బావ మే నెలంతా నలభై పైన నడుపుతాడు, ఆయన ఇంజన్ నిజంగానే అరిగింది, ఆయన ఫిఫ్టీ వదలనంటే నేను కాదనను. డీజిల్ బండ్లకు అమ్మే 15డబ్ల్యూ-40 తీసుకునేవాళ్లు డబ్బా వెనక సీఐ-4 అనే డీజిల్ గ్రేడు ఒక్కటే చూసి ఆగొద్దు, దాని పక్కన ఎస్‌తో మొదలయ్యే పెట్రోలు గ్రేడు కూడా ఉందో లేదో చూసుకోండి.

చిక్కదనం పెంచే సీసా గురించి మాత్రం ఈ మినహాయింపులేవీ లేవు. అప్పుడు కొన్న రెండో సీసా, మూత తీయనిది, ఇంకా మా బాల్కనీలో ఉంది. మొన్న పుంగనూరు అబ్బాయికి ఇవ్వబోతే, గేటు కీళ్లకు పోసుకోమన్నాడు.