దివిసీమ ఇసుక మెరకల మీద రెండు రోజులు

పాత తీరరేఖల ఆనవాళ్లను చూడాలని మాఘమాసంలో తమ్ముడూ నేనూ విజయవాడ నెహ్రూ బస్ స్టేషన్‌లో తెల్లవారుజామున అవనిగడ్డ బస్సు ఎక్కాము. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా ప్రయాణం హాయిగా సాగింది.

బసకు అవనిగడ్డే అనుకూలం. మా లాడ్జిలో గది శుభ్రంగానే ఉన్నా, రాత్రి కరెంటు పోయాక దోమలు నిద్రపోనివ్వలేదు. దోమతెర వెంట ఉండాలి. భోజనానికి మాత్రం లోటు లేదు.

మర్నాడు రోజంతటికీ ఆటో మాట్లాడుకుని కోడూరు వైపు వెళ్లాము. పల్లంలో వరి మాగాణి, మెరక మీద తాటిచెట్లూ ఇళ్లూ కనిపిస్తాయి. ఆ మెరకే ఒకప్పటి తీరపు ఇసుక దిబ్బ. "ఎక్కడ తవ్వినా చిప్పలేనండి" అంటూ ఆటో అబ్బాయి ఒక పునాది గొయ్యి దగ్గర ఆపాడు. అక్కడ రెండు రెక్కలూ మూసుకునే ఉన్న చిప్ప ఒకటి దొరికింది. దిబ్బ వయసు లెక్కకు అలాంటిదే విలువైనది. బతికిన చోటే పూడిపోయిందనడానికి అది గుర్తు. విడి రెక్కనైతే అలలు ఇంకా పాత దిబ్బ నుంచి తెచ్చి పడేసి ఉండవచ్చు. చిప్పలోని కార్బన్-14 అనే, కాలంతోపాటు తరిగిపోయే కార్బన్ రకం ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని బట్టి వయసు కడతారు. అయితే సముద్రజలంలో పాత కార్బన్ కలిసి ఉండటం వల్ల చిప్ప సుమారు 400 ఏళ్లు ఎక్కువ వయసు చూపుతుంది గనుక ఆ తేడాను సవరించాలి. చిప్పలు లేనిచోట ఇసుకలోకి వెలుతురు చొరని గొట్టం దిగ్గొట్టి, ఆ రేణువులు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో ప్రయోగశాలలో తేలుస్తారు. చిప్పను తిరిగి గోతిలోనే పెట్టాము.

తీరం ఇలా సముద్రం వైపు ముందుకు జరిగినంత మాత్రాన సముద్రమట్టం తగ్గిందనుకోరాదు. 20,000 ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ తరువాత పెరుగుతూ వచ్చి, దాదాపు 7,000 ఏళ్ల క్రితం ఆ వేగం మందగించాకే నదుల ఒండ్రు డెల్టాలుగా నిలదొక్కుకుంది. ఇక్కడ తీరాన్ని ముందుకు నెట్టింది ముఖ్యంగా కృష్ణమ్మ తెచ్చిన మట్టే. అందుకే పాత సముద్రమట్టం లెక్కకు బార్బడోస్ వంటి దీవుల దగ్గర నీటి పైమట్టానికి చేరువగా పెరిగిన పగడాలను ఆశ్రయిస్తారు. వాటి వయసును యురేనియం, థోరియం పాళ్లను బట్టి కడతారు, ఆ దీవి నేల పైకి లేచినంత మేరా తీసివేస్తారు.

హంసలదీవి గుడి చూసుకుని పాలకాయతిప్ప సంగమానికి చేరాము. దీవి, తిప్ప, లంక అనే ఈ ఊరి పేర్లలోనే తీరం కథ ఉన్నా, దానిని వివరించే బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు. పిల్లలతో వచ్చేవారికి అది పెద్ద లోటు. మేము వెళ్లిన వేళ ఒడ్డున తాగునీరు కూడా దొరకలేదు. నీళ్లు వెంట తెచ్చుకుని, ఆటోను తిరుగు ప్రయాణం దాకా నిలుపుకోవడం మంచిది.