పాత జలాశయం కట్ట మరమ్మతు: అప్పు తేవాలా, నీటి తీరువాతో కూడబెట్టాలా?

దశాబ్దాలుగా నీటిని ఆపుతూ వచ్చిన మట్టికట్టకు పెద్ద మరమ్మతు తప్పదని తేలినప్పుడు, ఆయకట్టు సంఘం ముందు సాధారణంగా రెండు దారులుంటాయి: దీర్ఘకాలిక అప్పు తెచ్చి పనిని ఒకేసారి పూర్తిచేయడం, లేదా ఏటా నీటి తీరువాలో కొంత పక్కనపెట్టి, నిధి పోగయ్యాక పని చేపట్టడం.

అప్పు భారం కంటికి కనిపిస్తుంది. 100 పాళ్ల అప్పును 6 శాతం వడ్డీతో, సమాన వార్షిక వాయిదాలలో 20 ఏళ్లకు తీర్చితే మొత్తం సుమారు 174 పాళ్లు చెల్లించాలి. పంట పోయిన ఏడాది కూడా వాయిదా ఆగదు. అయితే బాగుపడిన కట్ట కింద రేపు సాగు చేసేవారు కూడా ఖర్చులో పాలు పంచుకుంటారు, అది న్యాయమే.

కూడబెడితే వడ్డీ ఉండదు గానీ, పని ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, కట్ట మన నిధి కోసం ఆగదు. కట్ట దిగువ పాదం (నీరు లేని వైపు వాలు నేలను తాకే చోటు) దగ్గర ఊటనీరు తేటగా, ఒకే మోతాదులో వస్తున్నంత కాలం కొలతలు తీస్తూ గమనించవచ్చు. అదే నీరు బురదరంగుకు తిరిగిందంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ దశలో గండి పడటానికి కొన్ని గంటలే చాలు.

అందుకే ఊటతో మట్టి పోకుండా ఆపే ఇసుక వడపోత పొరకు, అలుగు విస్తరణకు అప్పే సరైనదని నా అభిప్రాయం. అలల కోతను ఆపడానికి కట్ట వాలుపై పరిచిన రాతి పరుపు సర్దడం, కట్టపై మొలిచిన చెట్లు తీయించడం, గేట్ల రబ్బరు సీళ్లు మార్చడం మాత్రం తీరువా నిధితోనే ఏటా జరగాలి.