పాత జోబో: సీపీఈ-2 బాగుచేయాలా, ఏటీఎల్-1500 బాగుచేయాలా?

రెండూ కెమెరా ఫిల్మ్ కడిగే (డెవలప్ చేసే) జర్మనీ జోబో యంత్రాలే. రెండిట్లోనూ ఫిల్మ్ ట్యాంకు పడుకునే తిరుగుతుంది. సీపీఈ-2లో ముఖ్యంగా మోటారు, హీటరు. ఫిల్మ్ కడిగే మందులు (రసాయనాలు) మనమే పోయాలి. మూత విప్పితే ఏది పాడైందో చాలావరకు కంటికే కనబడుతుంది.

ఏటీఎల్-1500 ఆ పోసే పని కూడా తనే చేస్తుంది, అందుకే లోపల వాల్వులు, గొట్టాలు, సర్క్యూట్ బోర్డు. ఏళ్ల తరబడి మూలన పడుంటే ఫిక్సర్ (బొమ్మను ఫిల్మ్ మీద నిలిపే మందు) ఎండిపోయి తెల్లటి ఉప్పులా పేరుకుంటుంది. వేడినీళ్లకు కరుగుతుందిలెండి. బోర్డు పోతేనే టెన్షన్. మరో చచ్చిన యంత్రం వెతికి, దాంట్లోంచి పీకాలి.

ఏదైనా ముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి. సీ-41 (కలర్ నెగటివ్ ఫిల్మ్ కడిగే పద్ధతి) డెవలపర్‌కి 37.8 డిగ్రీల సెల్సియస్, 3 నిమిషాల 15 సెకన్లు. కాస్త అటూఇటూ అయినా రంగుల్లో తేడా వస్తుంది. నా ఓటు సీపీఈ-2కే.