‘చూద్దాం సార్’ అంటే ఏ తేదీ? పుట్టపాక, నల్లగొండ, సాగర్‌లలో రెండు రోజులు

మాది హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు. చేనేత బట్ట కొని బయటి దేశాలకు పంపుతాం. జులైలో నెదర్లాండ్స్ నుంచి మా కొలీగ్ ఒకావిడ వచ్చారు. మూడేళ్లుగా మెయిళ్లలో ఆర్డర్లు పెడుతున్నారు గానీ మగ్గాన్ని దగ్గర నుంచి చూసింది లేదు. గురు, శుక్రవారాలకు కారు మాట్లాడుకుని తిప్పుకొచ్చాను. ఇటువైపు ఎవరినైనా తీసుకెళ్లాల్సి వస్తే మీకు పనికొస్తుందని రాస్తున్నా.

మొదట భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దీన్నీ చేర్చింది. చీరలు కొనుక్కోవడానికి బాగుంటుంది. పని మీద వెళ్లేవాళ్లకు గంట చాలు. ఒక షాపులో ఆవిడ, ‘‘ఇది మగ్గం మీద నేసిందా, ప్రింటా?’’ అని మొహం మీదే అడిగేశారు. షాపాయన నవ్వి, ‘‘మన దగ్గర అన్నీ ఉంటయి మేడం’’ అన్నాడు. ప్రింటే అని దానర్థం. నేను నోరు విప్పలేదు. అక్కడి నుంచే నా తప్పులు మొదలయ్యాయి.

మధ్యాహ్నానికి చౌటుప్పల్ మీదుగా పుట్టపాక చేరాం. టైం ఉన్నది ఒక్క ఊరికే అయితే పోచంపల్లి వదిలేసి ఇక్కడికే రండి. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాల్‌కు పేరున్న ఊరు. గజం గోవర్ధన్, గజం అంజయ్య ఇద్దరూ పద్మశ్రీలు, ఇద్దరిదీ ఇదే ఊరు. పడుగుకూ పేకకూ రెండింటికీ ముందే చిటికి కట్టి (అక్కడక్కడ దారంతో బిగించి) రంగులద్దుతారు. నేసేటప్పుడు గీతకు గీత కలవాలి. మేం వెళ్లింది ఒక మామూలు నేతన్న ఇంటికి. మా ఆర్డర్ 40 దుపట్టాలు.

గడప దగ్గర చెప్పులు విప్పాలని కార్లోనే చెప్పాను. నేల మీద పరిచిన నూలును దాటకూడదని చెప్పడం మరిచిపోయాను. ఆవిడ ఫొటో కోసం ఇటు నుంచి అటు కాలు వేసేసరికి, ఆసు (పేక నూలు చుట్టే చట్రం) దగ్గర కూర్చున్న పెద్దామె చప్పున లేచి నూలును వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు నిమిషాల తర్వాత చాయ్ వచ్చింది, అంతే.

అసలు మాట తేదీ దగ్గర వచ్చింది. ‘‘ఆగస్టు నెలాఖరుకు ఇవ్వగలరా?’’ అని ఆవిడ అడిగారు. పెద్దాయన గుంట మగ్గంలోంచి కాళ్లు తీయకుండానే, పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి, పైకప్పు వైపు చూసి, ‘‘చూద్దాం సార్. అయితది’’ అన్నాడు. అడిగింది ఆవిడ, జవాబు నాకు. నేను సరేనన్నాడని చెప్పాను. ఆవిడ ఫోన్లో 31 అని రాసుకున్నారు. పక్కనే డిగ్రీ చదివిన కొడుకు ఉన్నాడు. బిల్లులూ వాట్సాప్ లెక్కలూ అన్నీ వాడే చూస్తాడు. నాన్న మాట్లాడుతున్నంతసేపూ నూలు కండెలు లెక్కపెట్టుకుంటూ తలెత్తలేదు.

అన్నం తినకుండా వదల్లేదు. ఆవిడ ఒక్కసారి వద్దని ఆపేశారు. వాళ్ల దేశంలో ఒక్కసారి చాలట. ఇక్కడ మొదటి ‘వద్దు’ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు కదా! పచ్చి పులుసు రెండోసారి కూడా పోశారు. వచ్చినప్పుడు ‘మేడం’ అన్నవాళ్లే చేయి కడుక్కునేసరికి ‘అమ్మా’ అంటున్నారు.

బయట చెప్పులేసుకుంటుంటే కొడుకు నా వెనకాలే వచ్చాడు. ‘‘అన్నా, నెలాఖరుకు కాదు. నూలును బూడిద నీళ్లు, నూనెల నానబెట్టి రోజూ ఆరేయాలె. ఈ వానలకు ఎట్ల ఆర్తది? ఇంకో ఇరవై రోజులు వేస్కోండి. నాయిన మీకు కాదనలేడు’’ అన్నాడు. ఆ ‘చూద్దాం’ విన్నప్పుడే నాకు తెలుసు, నిజం చెప్పాలంటే. తెలిసీ సరేనని చెప్పా. ఎదుటివాళ్లకు మన పద్ధతులు అర్థం కావని మనం అంటుంటాం. నడుమ ఉండి మాట మార్చి చెప్పేవాడి సంగతి ఎవరూ అడగరు. కార్లో అంతా ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. 31 కొట్టేసి సెప్టెంబర్ 20 అని మార్చి, అక్కడికక్కడే వాళ్ల ఆఫీసుకు మెయిల్ పెట్టారు.

నల్లగొండలో ముందే ఫోన్లో మాట్లాడుకున్న లాడ్జికి వెళ్తే మళ్లీ ఇదే కథ. పాస్‌పోర్ట్ చూడగానే కౌంటర్ అబ్బాయి, ‘‘మేనేజర్ సార్ బయటికి పోయిండు, కూసోండి’’ అన్నాడు. తర్వాత, ‘‘ఏసీ ట్రబులిస్తంది సార్’’. ఆ తర్వాత, ‘‘మేడంకు క్లాక్ టవర్ దిక్కు ఇంకా మంచి రూములుంటయి’’. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్లో అధికారులకు పంపాలి, వీళ్లకు ఆ ఏర్పాటు లేదు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి అరగంట పట్టింది. ఈసారి మాత్రం రెండో మాటకే ఆవిడతో, ‘‘వద్దంటున్నారు, పదండి’’ అనేశాను. రూం బుక్ చేసేటప్పుడు విదేశీయుల వివరాలు పంపే ఏర్పాటు ఉందా అని విడిగా అడగండి. రెండో హోటల్లో రూం శుభ్రంగా ఉంది. వేడి నీళ్లు పొద్దున ఎనిమిది వరకే. ఇడ్లీ బాగుంది, కాఫీ బాలేదు.

పొద్దున్నే నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను ఆవిడ కొలతలేసి చూశారు. వెలుతురు ఎటు నుంచి వస్తోందో తేల్చుకునే దాకా కదల్లేదు. ఎండెక్కకముందే వెళ్లండి, రాతి మీద అరికాళ్లు కాలతాయి.

సాగర్ దారిలో హాలియాలో తొందరగా భోజనం కానిచ్చాం. డ్రైవర్‌ను మా టేబుల్‌కే రమ్మని ఆవిడ పట్టుబట్టారు. పాపం ఆ మనిషి పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయాడు. మళ్లీ చాయ్ దగ్గర నేనే ఆయన పక్కకెళ్లి నిలబడ్డా, అప్పుడు గానీ మాట్లాడలేదు.

నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. అది చూసుకోకుండా వెళ్లడం నా తెలివితక్కువతనం. బదులుగా బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు చూశాం. 2022లో తెరిచారు, 274 ఎకరాలు. నడవలేనివాళ్లతో వెళ్తే కష్టమే. డ్యామ్ 26 గేట్లూ మూసే ఉన్నాయి.

అక్కడుండగానే పుట్టపాక పెద్దాయన ఫోన్. ‘‘తారీఖు మార్చిండ్రట. నేను కాదన్ననా సార్?’’ గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకున్నాడు. కొడుకు చెప్పాడంటే ఇంట్లో వాడికి మాట పడుతుంది. ‘‘లేదు పెద్దయ్యా, మా మేడం వాళ్ల షాపే ఆలస్యంగా తెరుస్తున్నారట. సెప్టెంబర్ దాకా మాకే అక్కర్లేదు’’ అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. ‘‘అట్లనా. అయితే ఇరవై తారీఖు నాడు మనిషిని తోలుండ్రి.’’

ఏమన్నాడని ఆవిడ అడిగారు. సరేనన్నాడని చెప్పాను. ‘‘నిజం సరేనా, నిన్నటి సరేనా?’’ అన్నారు.

‘‘తేదీ ఆయనే చెప్పాడు’’ అన్నాను.